ఒళ్ళు దాచుకోనివాడు

ఎడిసన్‌లో రూట్ వన్ మీద శామ్స్ క్లబ్ ఒకటి ఉంది. శనివారం పొద్దున్న అక్కడికి వెళ్తే, తెలుగు మాట చెవిన పడకుండా బండి తోసుకుంటూ ఒక వరస దాటడం కష్టం. ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి, ఉల్లిపాయలు పెద్ద సంచే ఉంది, తెచ్చేయనా అని అడుగుతుంటారు. ఏళ్ళ తరబడి నేనూ ఆ జనంలో ఒకణ్ణి. ఆ నేల మీద ఒకప్పుడు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ ఉండేదని, 1948 నుంచి 2004లో మూతపడేదాకా అక్కణ్ణుంచి కార్లు బయటికి వస్తూనే ఉండేవని నాకు చాలాకాలం తెలియదు. తెలిసింది కూడా ఊరి చరిత్ర చదివి కాదు, ఒక పాటగాడి గురించి చదువుతూ పోతే దారిలో తగిలింది.

ఆ ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసినవాళ్ళలో డగ్లస్ స్ప్రింగ్‌స్టీన్ ఒకడు. ఇక్కడికి అరగంట పైచిలుకు దూరంలో, ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊళ్ళో కాపురం. ఏ పనిలోనూ కుదురుగా నిలిచిన మనిషి కాదు. తివాచీల మిల్లులో చేశాడు, ఫోర్డ్‌లో అసెంబ్లీ లైను మీద చేశాడు, ట్యాక్సీ నడిపాడు, జైల్లో కాపలా కాశాడు, బస్సు తోలాడు. రాత్రయ్యాక వంటింట్లో దీపం ఆర్పేసి బీరు, సిగరెట్లు ముందు పెట్టుకుని చీకట్లో ఒక్కడే కూచునేవాడు. కొడుకు గది నుంచి గిటారు మోత వినబడితే సహించేవాడు కాదు. ఆ కొడుకు బ్రూస్. 1949లో పుట్టాడు. అమెరికాలో రాక్ పాటలు తానే రాసి తానే పాడేవాళ్ళ పేర్లు చెప్పమంటే యాభై ఏళ్ళుగా మొదటి నాలుగైదు పేర్లలోనే వస్తున్నాడు.

నాకు రాక్ సంగీతం తెలియదని ముందే ఒప్పుకుంటాను. ఘంటసాల దగ్గర మొదలై ఇళయరాజా దగ్గర ఆగిపోయిన చెవి నాది. మా ఆఫీసులో టెస్టింగ్ టీముని చూసే ఒకాయన ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. న్యూజెర్సీలో ఇన్నేళ్ళుండి బ్రూస్‌ని చూడలేదా అని, తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చినవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. 2023 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మెట్‌లైఫ్ స్టేడియంలో మూడు కచేరీలుంటే, ఒకదానికి నన్ను వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. మా సీట్లు ఎక్కడో ఆకాశంలో. వేదిక మీది మనిషి అగ్గిపుల్లంత.

వేరే గాయకులెవరూ ముందు పాడి వేడెక్కించలేదు, స్వాగత వచనాలు లేవు. మనిషి వచ్చాడు, అంకె లెక్కపెట్టాడు, మొదలుపెట్టాడు. ఒక పాట చివరి దెబ్బ ఇంకా గాల్లో ఉండగానే మళ్ళీ అంకె లెక్కపెట్టి తర్వాతి పాట. నీళ్ళు తాగడానికి కూడా ఆగుతున్నట్టు అనిపించలేదు. ఆయనకప్పుడు డెబ్భై నాలుగు నిండటానికి నెల కూడా లేదు. మూడు గంటలకు కాస్త అటూ ఇటూగా పాడాడు. పాటలు సగం నాకు అర్థం కాలేదు, యాస వల్ల కొంత, డ్రమ్స్ వల్ల కొంత. అర్థమైనది ఒకటే, ఈ మనిషి ఒళ్ళు దాచుకోవడం లేదు.

ఆ మాట కచేరీలకు వాడం. వరి కోతల దగ్గర, పెళ్ళి వంటల దగ్గర, ఇల్లు మారే రోజున సామాను మోసేచోట వాడతాం. ఫలానావాడు ఒళ్ళు దాచుకోకుండా చేస్తాడు అంటే అంతకు మించిన యోగ్యతాపత్రం మన ఊళ్ళలో లేదు. తెలివి, నైపుణ్యం, చదువు ఇవన్నీ దాని తర్వాతే. అన్నీ ఉండి ఒళ్ళు దాచుకునేవాణ్ణి ఎవరూ రెండోసారి పనికి పిలవరు.

బ్రూస్‌కి ఆ పేరు మొదటినుంచీ ఉంది. అస్‌బరీ పార్క్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో, తెల్లవారుజాము ఐదింటిదాకా తెరిచి ఉండే అప్‌స్టేజ్ అనే క్లబ్బులో, ఆ చుట్టుపక్కల బార్లలో, వినేవాళ్ళు వినకపోయినా రాత్రికి గంటలకు గంటలు వాయించి చేయి తిరిగినవాడు. 1972లో కొలంబియా కంపెనీలో జాన్ హామండ్ ముందు గిటారు పట్టుకుని ఒంటరిగా పాడి ఒప్పందం సంపాదించాడు. 1973లో వచ్చిన రెండు ఆల్బమ్‌లూ పెద్దగా అమ్ముడుపోలేదు. మూడోదాని పేరుపాట ఒక్కదాని మీద ఆరు నెలలు కూచున్నాడు. ఆల్బమ్ 1975 ఆగస్టులో వచ్చింది. అక్టోబరులో ఒకే వారం టైమ్, న్యూస్‌వీక్ రెండు పత్రికల ముఖచిత్రాల మీదా ఆయనే. ఆ మరుసటి ఏడాదే మేనేజరుతో కోర్టు తగాదా వచ్చి కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకునే వీలు లేకుండా పోయింది. రికార్డింగు లేకపోతేనేం, రోడ్డు ఉంది కదా అన్నట్టు ఊరూరా తిరిగి పాడుతూనే ఉన్నాడు.

ఆ రోజుల గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సాయంత్రం కచేరీకి ముందు వాద్యాలు సరిచూసుకునేటప్పుడు, మిగతావాళ్ళు వేదిక మీద వాయిస్తుంటే ఈయన దిగి హాలంతా తిరిగేవాడట. అన్నిటికన్నా వెనక వరసలోకి, బాల్కనీ మూలకి, స్తంభం చాటున ఉన్న కుర్చీలోకి వెళ్ళి అక్కడ ఎలా వినబడుతోందో చూసుకునేవాడట. చౌక టిక్కెట్టు కొన్నవాడికి చౌక పాట దక్కకూడదని. పెళ్ళిలో చివరి బంతికి గారెలున్నాయో లేదో వంటశాలలోకి స్వయంగా వెళ్ళి చూసొచ్చే పెద్దమనిషిలాగా.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. 2022లో ఈ టూరుకి టిక్కెట్లు పెట్టినప్పుడు, గిరాకీని బట్టి ధర పెరిగే పద్ధతిలో కొన్ని సీట్లు నాలుగైదు వేల డాలర్ల దాకా వెళ్ళాయి. మిల్లు కార్మికుల బతుకులు పాడి పెద్దవాడైన మనిషి టిక్కెట్టు మిల్లు కార్మికుడు కొనలేనంత అయింది. 1980 నుంచి ఆయన పాటల కోసమే నడిచిన బ్యాక్‌స్ట్రీట్స్ అనే అభిమానుల పత్రిక, మనసు విరిగి 2023 మొదట్లో మూతపడింది. ఆయన పెద్దగా నొచ్చుకోలేదు, మిగతావాళ్ళు తీసుకునేదే మేమూ తీసుకుంటున్నాం అన్న ధోరణిలో సమాధానం చెప్పాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. వెనక వరస దాకా నడిచి వెళ్ళిన కాళ్ళు అవే, ఈ జవాబు చెప్పిన నోరూ అదే. మనుషులు ఒక పక్క నుంచి చూస్తే ఒకలా, ఇంకో పక్క నుంచి ఇంకోలా ఉంటారు, యాభై ఏళ్ళు వేదిక మీదున్నా అంతే. కచేరీ దగ్గరపడ్డాక ధరలు దిగితే మేము కొన్నాం, కాబట్టి నాకు ఫిర్యాదు చేసే హక్కు కూడా అంతంత మాత్రమే.

అభిమానులకు లెక్కల పిచ్చి. సినిమా వంద రోజులు ఎన్ని కేంద్రాల్లో ఆడిందని మనవాళ్ళు లెక్కపెట్టినట్టు, ఈయన ఏ ఊళ్ళో ఎన్ని నిమిషాలు పాడాడో వీళ్ళు లెక్కపెడతారు. అన్నిటికన్నా పొడవైనది 2012 జులై 31న హెల్సింకీలో, నాలుగు గంటల ఆరు నిమిషాలు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. మా ఆఫీసాయన ఆ అంకెని పిల్లవాడి మార్కులు చెప్పినంత గర్వంగా చెప్పాడు.

ఆ అంకె దగ్గర నేను ఆగిపోయాను. నాలుగు గంటలు ఎందుకు? రెండు గంటలు పాడినా జనం సంతోషంగానే ఇంటికి పోతారు. టిక్కెట్టు డబ్బు గిట్టుబాటు అయినట్టే. ఆ మిగతా రెండు గంటలూ ఎవరికోసం?

జవాబు ఆయనే చెప్పుకున్నాడు, దాపరికం లేకుండా. అదే 2012లో న్యూయార్కర్ పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలోనూ, 2016లో రాసిన ఆత్మకథలోనూ. ఆ పొడవాటి రాత్రుల వెనక భయం ఉందన్నాడు, తనంటే తనకే గిట్టనితనం ఉందన్నాడు. వేదిక మీద ఉన్నంతసేపూ తన నుంచి తాను తప్పించుకోవచ్చు. వాయిద్యాలు ఆగితే మళ్ళీ ఆ మనిషితోనే గదికి వెళ్ళాలి. కాబట్టి ఆగకుండా ఉండటమే మేలు.

ఇది చదివాక కొన్నాళ్ళు నా బుర్రలోంచి పోలేదు. ఒళ్ళు దాచుకోకపోవడం మనకు అంత పెద్ద సుగుణం కదా, దాని కింద ఇంకేదైనా దాగి ఉండవచ్చని మనం ఎప్పుడైనా అనుమానిస్తామా? పొద్దున్న ఏడింటికి లాప్‌టాప్ తెరిచి రాత్రి పదకొండింటికి మూసే స్నేహితులు నాకు ఉన్నారు. పండుగనాడు కూడా ఏదో ఒక ఫోను. ఎంత కష్టపడతాడో అని ఇంట్లోవాళ్ళు చెప్పుకుంటారు, ఆ గొంతులో మెచ్చుకోలు ఎంతో బెంగ అంత. వాళ్ళ సంగతి నాకెందుకు, నా సంగతే చెప్తాను. ఇంట్లో ఏదన్నా మాట తేలాల్సి ఉంటే, సరిగ్గా ఆ వారమే నాకు ఆఫీసులో ఎక్కడలేని పనీ తగులుతుంది. ఒళ్ళు దాచుకోకుండా చేస్తాను. మనసుని ఆ ఒళ్ళు వెనక దాచుకుంటాను.

బ్రూస్ ముప్ఫై దాటాక ఆ దాగుడుమూతలు చెల్లలేదు. 1982 జనవరిలో కోల్ట్స్ నెక్‌లో అద్దె ఇంట్లో, పడకగదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ముందు కూచుని కొన్ని పాటలు పాడుకున్నాడు. బ్యాండుకి వినిపించడానికి నమూనాగా అనుకున్నవి. డబ్బా కూడా లేని ఆ క్యాసెట్‌ని వారాల తరబడి ప్యాంటు జేబులో వేసుకుని తిరిగాడు. తర్వాత బ్యాండుతో, పెద్ద స్టూడియోలో ఎన్ని విధాల ప్రయత్నించినా ఆ పడకగది చీకటి ఆ పాటల్లోకి రాలేదు. చివరికి జేబులో నలిగిన క్యాసెట్‌నే ఆల్బమ్‌గా విడుదల చేశారు. పేరు నెబ్రాస్కా. అంతటి కచేరీల మనిషి ఆ ఆల్బమ్ కోసం ఒక్క కచేరీ కూడా చేయలేదు. చేసేందుకు అందులో ఒళ్ళు లేదు, ఉన్నదంతా లోపలి సంగతే.

ఆ ఏడాదే ఒక స్నేహితుడితో కారులో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి బయల్దేరాడు. టెక్సస్‌లో ఏదో చిన్న ఊరు. సాయంత్రం. ఊరి తిరునాళ్ళ లాంటిది జరుగుతోంది. పాటగాళ్ళు వాయిస్తున్నారు, జంటలు నాట్యం చేస్తున్నాయి, పిల్లలు పరుగెడుతున్నారు. కారులోంచి చూస్తున్న ఆయన కుప్పకూలిపోయాడు. వేలమందిని ఒకచోట చేర్చి ఊపగలిగినవాడు, ఆ వందమందిలో ఒకడిగా కలిసి నిలబడటం తనకు చేతకాదని ఆ రాత్రి తెలుసుకున్నాడు. కాలిఫోర్నియా చేరాక మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. స్నేహితుడూ నిర్మాతా అయిన జాన్ లాండావ్ దారి చూపించాడు. ఆ వైద్యం దశాబ్దాలు నడిచింది. అరవై దాటాక కూడా కుంగుబాటు తిరిగి తిరిగి వచ్చిందని, మందులు వేసుకున్నానని పుస్తకంలో దాచకుండా రాశాడు. బీపీ మాత్రల గురించి పదిమందిలో చెప్పి ఈ మాత్రల గురించి చెప్పని మన ఇళ్ళు నాకు గుర్తొచ్చాయి.

1990 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో బ్యాండు లేకుండా ఒంటరిగా పాడిన ఒక కచేరీలో ఆయనొక సంగతి చెప్పాడు. రాత్రిళ్ళు ఫ్రీహోల్డ్ వెళ్ళి, తాను చిన్నప్పుడు ఉన్న ఇళ్ళ ముందు నుంచి కారులో మెల్లగా పోవడం ఆయనకు అలవాటు. ఏళ్ళ తరబడి. ఎందుకో తనకే తెలియదు. వైద్యుణ్ణి అడిగితే, అక్కడ ఏదో తప్పు జరిగింది, దాన్ని ఇప్పుడు సరిచేయగలనేమోనని వెళ్తున్నావు అన్నాడట. అవును, అందుకే అన్నాడట ఈయన. సరిచేయలేవు అన్నాడట వైద్యుడు.

నేను ఫ్రీహోల్డ్ వెళ్ళాను. రూట్ నైన్ మీద పని పడి వెళ్ళి, పక్కకు తిరిగి చూసొచ్చాను. తివాచీల మిల్లు ఎప్పుడో 1960ల్లోనే మూతపడింది. ఇన్‌స్టిట్యూట్ స్ట్రీట్‌లో ఆ ఇల్లు మామూలు ఇల్లు, ముందు ఎవరిదో కారు. వానపడితే నెస్కెఫే ఫ్యాక్టరీ నుంచి తడిసిన కాఫీపొడి వాసన ఊరంతా పరుచుకునేదని పుస్తకంలో రాశాడు. నేను వెళ్ళినరోజు ఎండ. ఏ వాసనా లేదు. ఎవరో అనుమానంగా చూస్తే కారు తిప్పేశాను.

తండ్రి విషయానికి వస్తాను, ఎందుకంటే బ్రూస్ పాటలన్నీ అక్కడికే వస్తాయి. కుర్రాడి పొడవాటి జుట్టు చూసి, సైన్యం నిన్ను తీసుకుపోయి మనిషిని చేస్తుందిలే అని డగ్లస్ ఎత్తిపొడిచేవాడు. వియత్నాం యుద్ధకాలం. బ్రూస్ తొలినాళ్ళ బ్యాండు క్యాస్టీల్స్‌లో డ్రమ్స్ వాయించిన కుర్రాడు 1967లో అక్కడే చనిపోయాడు. తర్వాత ఈయనకూ పిలుపు వచ్చింది. శారీరక పరీక్షలో తప్పాడు. భయపడుతూ ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే, తండ్రి ఒక్క క్షణం ఆగి, మంచిదేలే అన్నాడట. అంతే. ఈ సంగతి బ్రూస్ కచేరీల్లో, ది రివర్ పాటకు ముందు చెప్పేవాడు. ఆ ఒక్క మాట కోసం పెద్ద కథ చెప్పి, అది వచ్చేసరికి ఊరుకునేవాడు.

ఇంకోటి. 1990లో బ్రూస్‌కు మొదటి బిడ్డ పుట్టబోతున్నప్పుడు, డగ్లస్ చెప్పాపెట్టకుండా వందల మైళ్ళు కారు నడుపుకుంటూ లాస్ ఏంజెలెస్‌లో కొడుకు ఇంటికి వచ్చాడు. బీరు తాగుతూ కూచుని, నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేనే నిన్ను సరిగ్గా చూసుకోలేదు అనే అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. మీకు చేతనైనంత చేశారు అన్నాడు కొడుకు. జీవితం మొత్తానికి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటల్లో పెద్దది ఇదే. డగ్లస్ 1998లో పోయాడు.

ఆ వంటింటి చీకటి గురించి ఇంత చెప్పి తల్లిని వదిలేస్తే పాపం. ఎడెల్ ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీ. ప్రతిరోజూ పొద్దున్నే లేచి, తయారై, ఎత్తు మడమల చెప్పులు టకటకలాడించుకుంటూ పనికి వెళ్ళేది. అరవై డాలర్ల గిటారు కోసం అప్పు చేసి మరీ కొనిపెట్టింది. తొంభై దాటి, మతిమరుపు ముదిరిపోయాక కూడా పాట వినిపిస్తే నాట్యం చేసేదట. 2024 జనవరిలో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయింది. ఒళ్ళు దాచుకోకపోవడం ఆయనకు తల్లి నుంచి వచ్చిందని, దాచుకున్న మనసు తండ్రి నుంచి వచ్చిందని అనుకోవడం నాకు ఇష్టం. నిజానికి అంత తేలిగ్గా పంపకాలు జరగవని తెలుసు.

2017 అక్టోబరు నుంచి 2018 డిసెంబరు దాకా న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆయన చేసిన ప్రదర్శన గురించి చెప్పాలి. వాల్టర్ కెర్ థియేటరు, వెయ్యిమంది కూడా పట్టరు. గిటారు, పియానో, ఆయన. కొన్ని పాటలకు భార్య పాటీ తోడు. వారానికి ఐదు రోజులు, మొత్తం 236 ప్రదర్శనలు. స్టేడియంలో రాత్రికో వరస మార్చి పాడే మనిషి, ఇక్కడ దాదాపు అవే పాటలు, అవే మాటలు, రోజూ. దాని వీడియో చూశాను. మొదట్లోనే ఒప్పేసుకుంటాడు, తాను ఎన్నడూ ఫ్యాక్టరీ లోపలికి అడుగుపెట్టలేదని, వాటి గురించే రాసి ఇంతవాణ్ణయ్యానని. వారానికి ఐదు రోజులు పనికి రావడం జీవితంలో ఇదే మొదలు, ఏమంత బాగాలేదు అని నవ్విస్తాడు. తర్వాత నవ్వు లేకుండా అసలు సంగతి చెప్తాడు. పాడేందుకు ఒక గొంతు కావాల్సి వచ్చినప్పుడు తండ్రి గొంతు తీసుకున్నాడు. తండ్రి ప్రేమ దక్కలేదు కాబట్టి ఆయన వేసుకునే పనిబట్టలు తాను తొడుక్కుని వేదిక ఎక్కాడు.

ఒకప్పుడు తప్పించుకోవడానికి ఎక్కిన వేదిక మీదే కూచుని, ఏమి తప్పించుకున్నాడో చెప్పడం. దానికి చెమట పట్టదు. నాలుగు గంటలు గెంతినవాడికి ఇదే బరువైన పని అయి ఉంటుందని నా అనుమానం. అస్తమానం కదులుతూ ఉండే మనిషి ఒకచోట కూచుని, నిన్న చెప్పిన మాటే ఇవాళ మళ్ళీ చెప్తూ, చెప్పిన ప్రతిసారీ దాన్ని నిజంగా గుర్తు చేసుకోవాలి. మా అమ్మమ్మ రోజూ అదే లలితాసహస్రం చదివేది. పుస్తకం చూడకపోయినా వచ్చు, అయినా పుస్తకం ముందు పెట్టుకునేది. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి.

మెట్‌లైఫ్‌లో ఆ రాత్రికి తిరిగి వస్తాను. ఈ టూరులో పాటల వరస పెద్దగా మారడం లేదని పాత అభిమానులు సణిగారు. అట్టముక్కల మీద పాటల పేర్లు రాసి పట్టుకుంటే, వాటిని ఏరి అప్పటికప్పుడు పాడే అలవాటుండేది ఆయనకు. అప్పటికి అది తగ్గింది. మా ఆఫీసాయన కూడా అదే అన్నాడు, మరీ పద్ధతి ప్రకారం పోతోంది అని. కొత్తవాణ్ణి కాబట్టి నాకు ఆ లోటు తెలియలేదు. నాకు కనబడింది వేరే. ఒక కథని ఒక క్రమంలో చెప్తున్నాడు. మధ్యలో వాయిద్యాలన్నీ ఆపి, ఒక్కడే గిటారు పట్టుకుని, పదిహేనేళ్ళ వయసులో తనను బ్యాండులోకి తీసుకున్న జార్జ్ థీస్ గురించి చెప్పాడు. 2018లో థీస్ చనిపోతుంటే మంచం పక్కన కూచున్నాడు. ఆయన పోవడంతో క్యాస్టీల్స్‌లో తానొక్కడే మిగిలాడు. వేలాదిమంది ఉన్న స్టేడియం అది. మా వెనక పాప్‌కార్న్ సంచి నలిగిన చప్పుడు వినబడింది.

ఆ బ్యాండుని దూరం నుంచే అయినా పెద్ద తెర మీద చూశాను. డ్రమ్స్ దగ్గర మాక్స్ వైన్‌బర్గ్, గుండె ఆపరేషన్ అయినవాడు, వాయించి వాయించి చేతులకు ఎన్నో ఆపరేషన్లయినవాడు. నిల్స్ లాఫ్‌గ్రెన్ ఒకప్పుడు గిటారు వాయిస్తూనే వేదిక మీద పల్టీలు కొట్టేవాడట. 2008లో తుంటి కీళ్ళు రెండూ మార్పించుకున్నాడు. ఆర్గన్ వాయించే డానీ ఫెడెరిచీ అదే ఏడాది పోయాడు. శాక్సఫోన్ వాయించే క్లారెన్స్ క్లెమన్స్ 2011లో పోయాడు. ఆయన చోట ఇప్పుడు ఆయన సోదరుడి కొడుకు జేక్ నిలబడి వాయిస్తాడు. క్లారెన్స్ పేరు తలుచుకునే పాట వచ్చేసరికి తెర మీద పోయిన వాళ్ళిద్దరూ కనబడ్డారు. జనం ఏడవలేదు, హోరెత్తించారు. మనం తద్దినం పెట్టేటప్పుడు భోక్తలకు కడుపునిండా వడ్డించి, ఇక చాలనిపించేదాకా వదలం. అలాంటి మర్యాద అది.

చివర అందరూ వెళ్ళిపోయాక ఆయన ఒక్కడే మిగిలాడు. మామూలు గిటారుతో, మెల్లగా, కలలో కలుసుకుందామన్న ధోరణిలో ఒక చిన్న పాట. మూడు గంటల హోరు తర్వాత అంత తక్కువ చప్పుడు. తర్వాత దీపాలు వేశారు. మేము పార్కింగు నుంచి బయటపడటానికి గంటన్నర పట్టింది.

ఆ మూడు కచేరీలూ అయిన కొద్దిరోజులకే కడుపులో పుండ్లని సెప్టెంబరు కచేరీలు, ఆ తర్వాత ఆ ఏడాది మిగిలినవన్నీ వాయిదా వేశారు. పాడబోతే పొట్టలో భరించలేని నొప్పి వచ్చేదని, ఇక మళ్ళీ పాడలేనేమో అని భయం వేసిందని తర్వాత చెప్పాడు. అంటే మేము చూసిన రాత్రి, అగ్గిపుల్లంత మనిషి లోపల అది మొదలయ్యే ఉందేమో తెలియదు. 2024 సెప్టెంబరు 15న అస్‌బరీ పార్క్‌లో, ఇసుకలో, సముద్రం పక్కన మూడు గంటలు పాడాడు. యాభై ఏళ్ళ కింద వినేవాళ్ళు వినకపోయినా పాడిన ఊరు. దానికి నేను వెళ్ళలేదు. ఇంట్లో ఒక మాట తేలాల్సి ఉంది. ఈసారి ఆఫీసు పనేదీ కల్పించుకోకుండా కూచున్నాను. కూచున్నాను గానీ సరిగ్గా మాట్లాడానని చెప్పలేను.

మా నాన్న కిందటేడు వేసవికి వచ్చి నాలుగు నెలలున్నాడు. గుంటూరు వైపు, ఇప్పుడు మూతపడ్డ ఒక స్పిన్నింగు మిల్లులో ఇరవై ఆరేళ్ళు చేశాడు. ఎనిమిది గంటల షిఫ్టు, నిలబడే. యంత్రాల మధ్య అటూ ఇటూ నడుస్తూ తెగిన దారాలు అతకడం. ఇంటికి వచ్చేసరికి జుట్టులో, కనుబొమల్లో దూది పీచు. మాట్లాడే మనిషి కాదు. నేను అమెరికా బయల్దేరినప్పుడు విమానాశ్రయంలో, పాస్‌పోర్టు పైజేబులో పెట్టకు అన్నాడు, అంతే.

శామ్స్ క్లబ్‌కి తీసుకెళ్ళిన రోజు, ఇక్కడ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీ ఉండేదని చెప్పాను. పార్కింగు స్థలం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసి, ఎంతమంది చేసేవాళ్ళో అన్నాడు. మూసేశాక వాళ్ళంతా ఏమయ్యారు అన్నాడు. దాని తర్వాతే బ్రూస్ సంగతి చెప్పాను. ఆ రాత్రి టీవీలో ఏదో పాత కచేరీ పెట్టాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అరగంట కదలకుండా చూశాడు. తెర మీద మనిషి చొక్కా పూర్తిగా తడిసిపోయి ఉంది, చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. పాట నచ్చిందో లేదో తెలియలేదు.

"ఎంతసేపు పాడతాడు ఇలాగ?" అన్నాడు.

"మూడు గంటలు. ఒక్కోసారి నాలుగు."

"నిలబడేనా?"

"నిలబడే."

నాన్న వంగి తన పిక్క మీద చేయి వేసుకున్నాడు. మిల్లు మానేసి పదిహేడేళ్ళయింది.

"కాళ్ళు లాగవూ?" అన్నాడు.